పడవలో గ్యాస్ పొయ్యి వెలిగించే ముందు

మైలవరం జలాశయంలో పడవ కట్టుకుని అందులోనే వండుకునేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది, వంటగ్యాస్ గాలికంటే బరువు. ఇంట్లో లీకైతే తలుపు సందులోంచి బయటికి పోయే వీలుంది. పడవలో ఆ దారి లేదు. కారిందంతా కాలికింది పలకల అడుగున, ఊటనీళ్లు చేరేచోట నిలిచిపోతుంది. ఆ నీళ్లు తోడే మోటారు స్విచ్ వేస్తే పుట్టే నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి.

- సిలిండర్ బయటే ఉండాలి, నిలువుగా, తాడుతో బిగించి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చి మంట ఎగదన్నుతుంది. 5 కిలోలది చాలు.
- పైపు మీద ఐఎస్ఐ గుర్తు, గడువు చూడండి. వంచినప్పుడు పగుళ్లు కనిపిస్తే గడువుతో పనిలేదు, మార్చేయండి.
- పొయ్యి నాబ్‌లు కట్టేసి, రెగ్యులేటర్ తెరిచి, అతుకుల దగ్గర సబ్బునురగ పూయండి. బుడగ ఉబ్బితే లీకే. అగ్గిపుల్ల గీసి పరీక్షించే మొనగాళ్లూ ఉన్నారు, వాళ్ల పడవ పక్కన మీది కట్టొద్దు.
- రెండువైపులా కిటికీలు తీయండి. గాలి చాలక పొయ్యి సరిగా మండకపోతే పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చలికాచుకోవడానికి పొయ్యి వాడొద్దు.
- ఎగువన గండికోట నుంచి నీళ్లు వదిలితే మట్టం పెరుగుతుంది. కట్టుతాడు బిగుతుగా ఉంటే పడవ ఒరిగి, మరిగే పప్పు ఒళ్లో పడుతుంది. కాస్త వదులుంచండి.

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టొద్దు, వేయనూ వద్దు, ఆర్పనూ వద్దు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, అందరూ ఒడ్డెక్కాలి.