అలయన్స్ సెలెక్షన్‌కి వెళ్లే ముందు రాత్రి చేయాల్సిన పని

ఎఫ్‌ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్) అనే హైస్కూల్ పిల్లల రోబోటిక్స్ పోటీలో క్వాలిఫికేషన్ మ్యాచ్‌లు అయ్యాక పైనున్న ఎనిమిది టీములు కెప్టెన్లవుతాయి, ఒక్కో కెప్టెన్ ఇద్దరు పార్ట్‌నర్లను పిలుచుకోవాలి. ఆ మూడు టీములూ ఒక అలయన్స్‌గా ప్లేఆఫ్స్ ఆడతాయి, ఈ పిలుచుకోవడమే అలయన్స్ సెలెక్షన్. అక్కడ నిలబడ్డాక ఆలోచించే టైమ్ ఉండదు. పిక్‌లిస్ట్, అంటే ఎవరిని ఏ వరుసలో పిలవాలన్న లిస్ట్, ముందు రాత్రే తయారైపోవాలి. కెప్టెన్లు ఒకరినొకరు కూడా పిలుచుకోవచ్చు, అప్పుడు కిందివాళ్లు పైకి జరుగుతారు, అందుకే పదో ర్యాంకులో ఉన్నా లిస్ట్ రాసుకోండి.

ర్యాంకు చూసి మాత్రం పిలవకండి. క్వాలిఫికేషన్‌లో ఎవరితో కలిసి ఆడాలో షెడ్యూలే తేల్చేస్తుంది, మంచి జోడీలు పడిన మామూలు రోబో ఆరో ర్యాంకులో ఉండొచ్చు, బ్యాటరీ వైరు ఊడి రెండు మ్యాచ్‌లు పోగొట్టుకున్న గట్టి రోబో ఇరవయ్యో ర్యాంకులో ఉండొచ్చు. ఒక్కో రోబో ఎన్ని పాయింట్లు తెస్తుందో చెప్పే ఓపీఆర్ కూడా అలయన్స్ మొత్తం స్కోర్ల నుంచి కట్టిన అంచనాయే, డిఫెన్స్ ఆడి ఎదుటివాళ్లను ఆపిన రోబో కష్టం అందులో కనిపించదు. మైదానంలో ఆరు రోబోలుంటాయి, ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టి తలా ఒక రోబోను చూడమనండి. నేనైతే ప్రతి టీముదీ అన్నిటికన్నా చెత్త మ్యాచ్ ముందు చూస్తాను, ఎందుకంటే ప్లేఆఫ్స్‌లో ఫైనల్‌కు ముందు రెండుసార్లు ఓడితే ఇంటికే.

అసలు కష్టం రెండో పిక్ దగ్గర. మొదటి రౌండు 1 నుంచి 8కి, రెండోది 8 నుంచి 1కి నడుస్తుంది, అంటే మొదటి కెప్టెన్ తన రెండో పార్ట్‌నర్‌ను అందరికన్నా చివర, 24వ టీముగా పిలుస్తాడు. మా పిల్లలు ఒక ఏడాది పదహారు పేర్లతో వెళ్లారు, మా వంతు వచ్చేసరికి ఆ పదహారూ అయిపోయాయి, ఆ టెన్షన్‌లో నోటికొచ్చిన టీము నంబరు చెప్పేశారు. కనీసం 24 పేర్లు రాయండి. రెండో పిక్‌కి వేరే లిస్ట్ పెట్టుకోండి, అందులో ఎక్కువ స్కోర్ చేసేవాళ్లు కాదు, మీకూ మీ మొదటి పార్ట్‌నర్‌కీ అడ్డం రాకుండా మీకు లేనిది చేసేవాళ్లు ఉండాలి.

తర్వాత ఆ టీములు రోబోలను బాగుచేసుకునే చోటికి, అంటే పిట్‌కి వెళ్లి మాట్లాడండి. ఆటోనమస్ (మ్యాచ్ మొదట్లో డ్రైవర్ లేకుండా రోబో తనంతట తానే ఆడే భాగం) ఎక్కడి నుంచి మొదలుపెడతారు, డ్రైవర్ ఎప్పుడైనా డిఫెన్స్ ఆడాడా అని అడగండి. ఇద్దరి ఆటోనమస్ ఒకే చోట మొదలైతే ఒకరు మార్చుకోక తప్పదు. మనం పిలిస్తే వస్తారా అన్నది కూడా అప్పుడే తెలుసుకోండి, ఎందుకంటే కాదన్న టీమును ఇంకెవరూ పిలవడానికి లేదు, కెప్టెన్ స్థానం దక్కకపోతే వాళ్ల ఆట అక్కడితో సరి.

మర్నాడు పొద్దున మిగిలిన మ్యాచ్‌లు కూడా చూసి లిస్ట్ సరిచేయండి, రాత్రి బాగున్న రోబో పొద్దున గేర్‌బాక్స్ విరగ్గొట్టుకుని ఉండొచ్చు. పిలిచిన ప్రతి నంబరునూ కొట్టేస్తూ ఉండడానికి ఒకరిని ప్రత్యేకంగా పెట్టండి.