చదువుతున్న పేజీ వదలకుండా తెలుగు పదానికి అర్థం

పాత కథలు లాప్‌టాప్‌లో చదువుతుంటే తెలియని మాట దగ్గర ఆగిపోయేదాన్ని. ఇప్పుడు విక్షనరీ అనే ఆన్‌లైన్ తెలుగు నిఘంటువుని క్రోమ్ బ్రౌజర్‌కే కలిపేసుకున్నాను.

ముందు విక్షనరీలో ఏదో ఒక పదం పేజీ తెరిచి, దాని అడ్రసు కాపీ చేసుకోండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజన్ విభాగానికి వెళ్లి, సైట్ సెర్చ్ కింద యాడ్ నొక్కండి. అడ్రసు అతికించి, చివరి స్లాష్ తర్వాత ఉన్నదంతా తీసేసి, అక్కడ శాతం గుర్తు, వెంటనే ఇంగ్లీషు చిన్న ఎస్ పెట్టండి. మధ్యలో ఖాళీ ఉండకూడదు. రెండక్షరాల షార్ట్‌కట్ ఇచ్చి సేవ్ చేయండి.

ఇకపై కొత్త ట్యాబ్ తెరిచి, అడ్రసు బార్‌లో షార్ట్‌కట్, ట్యాబ్ కీ, పదం, ఎంటర్. అంతే.

అసలు చిక్కు విభక్తులతోనే. ‘ఏటికి’ అని వెతికితే దొరక్కపోవచ్చు, ‘ఏరు’ అని అడగాలి. ‘వాకిట్లో’ అంటే ‘వాకిలి’. నాకిది అలవాటయ్యేసరికి కొన్నాళ్లు పట్టింది.