రొయ్యల చెరువు గట్టున ఇనుము: తుప్పు పట్టిన చోటును బట్టి కారణం, పరిష్కారం

భీమవరం, నరసాపురం, అంతర్వేది చుట్టుపక్కల చెరువుల మీద కనిపించే మోటారు స్టాండ్లు, పంపు పైపులు, షెడ్డు యాంగిళ్లలో చాలావరకు మైల్డ్ స్టీలుతో, అంటే కార్బన్ తక్కువగా ఉండే ఉక్కుతో చేసినవే. తుప్పుకు నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పు తోడైతే ఆ పని మరింత వేగంగా సాగుతుంది.

సమస్య: వేసిన రంగు ఏడాది తిరగకుండానే పొక్కులు కడుతోంది.

ఒక పొక్కును సూదితో గుచ్చి చూడండి. నీటి బొట్టు బయటికి వచ్చి, దాని కింద లోహం నల్లగా కనిపిస్తే, తప్పు రంగు డబ్బాది కాదు. రంగు వేసే ముందు ఉక్కు మీద మిగిలిపోయిన ఉప్పు, పొర గుండా తేమను లోపలికి లాక్కుంటుంది. వైర్ బ్రష్‌తో గీకి, రెడాక్సైడ్ పూసి, పైన ఎనామెల్ వేయడం మనకు అలవాటు. బ్రష్ తుప్పును రాలుస్తుంది గానీ, గుంటల అడుగున దాగిన ఉప్పును తీయలేదు. అందుకే ముందుగా మంచినీటితో గట్టిగా కడగాలి, ఆ తర్వాత గీకించాలి లేదా బ్లాస్టింగ్ (గరుకు రేణువులను వేగంగా చిమ్మి తుప్పు రాల్చడం) చేయించాలి, మళ్లీ కడిగి ఆరనివ్వాలి. గట్టు మీది బోరు నీరు ఉప్పుగా ఉంటే దానితో కడగడం కంటే కడగకపోవడమే మేలు. డిస్టిల్డ్ వాటరులో తడిపిన దూదితో తుడిచి, పిండిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసినప్పుడు పాలలా తెల్లబడితే, ఉప్పు ఇంకా ఉన్నట్టే. ఆ తర్వాత జింక్ ప్రైమరు (అడుగు పూత), దాని మీద ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి పూసే గట్టి రంగు) వేయించండి. ఎపాక్సీ ఎండకు సున్నంలా పొడి రాలుస్తుంది కాబట్టి పైన పాలీయురిథేన్ పూత అవసరం. మంచు దిగిన ఉదయం ఉక్కు మీద తడి ఆరకముందే బ్రష్ పట్టుకోవద్దు.

సమస్య: నీటి మట్టం దగ్గర పైపు సన్నబడుతోంది.

నీటి పై అంచున ఆక్సిజన్ పుష్కలంగా, కొద్దిగా కిందికి తక్కువగా ఉంటుంది. తక్కువ అందిన చోటే లోహం కరిగిపోతుంది. ఏరేటరు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రం) చక్రం చిమ్మే జల్లు తగిలే భాగానికి తడి, ఆరడం పదే పదే జరుగుతాయి కనుక అక్కడ దెబ్బ ఇంకా ఎక్కువ. నీటి మట్టానికి పైనా కిందా మందమైన ఎపాక్సీ పూత వేసి, మునిగిన భాగానికి జింక్ ఆనోడు (పైపుకు బదులు తాను కరిగిపోతూ దాన్ని కాపాడే లోహపు ముక్క) బిగించండి. ఆనోడుకూ పైపుకూ మధ్య రంగు లేకుండా లోహం తగలాలి. ఆనోడుకు రంగు పూయకూడదు. నీళ్లలో మునగని భాగాన్ని అది కాపాడదు. మంచినీటి చెరువైతే జింక్ కంటే మెగ్నీషియం ఆనోడు నయం.

సమస్య: స్టెయిన్‌లెస్ ఫ్రేముకు బిగించిన ఇనుప బోల్టులు త్వరగా తినేసినట్టు అవుతున్నాయి.

ఫ్రేము పెద్దది, బోల్టు చిన్నది. ఉప్పునీటిలో రెండు లోహాలూ కలిసినప్పుడు తుప్పు భారమంతా బోల్టు మీదే పడుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టులే వాడండి.

సమస్య: జీఐ పైపు (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) వెల్డింగు చేసిన చోట తుప్పు పట్టింది.

వేడికి జింక్ కాలిపోయింది. శుభ్రంగా గీకి, జింక్ ఎక్కువగా ఉన్న పెయింటు పూయండి.

స్టాండు కాలును చిన్న సుత్తితో తట్టినప్పుడు ఖంగుమనకుండా మొద్దుగా మోగి, రేకులు ఊడితే రంగు ఖర్చు దండగే. ఆ ముక్క కోసి కొత్తది వేయించాలి. కోసే ముందు మోటారు ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకోండి.