తొలకరికి ముందే: దెబ్బ తగిలిన కప్పకు ఏం చేయాలి, ఏం చేయకూడదు

తొలి వాన పడిన రాత్రి కప్పలన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. బండి చక్రాలు, గడ్డి కోసే మిషన్లు, పిల్లి పంజా, విసురుగా వేసిన తలుపు: దెబ్బలు ఎక్కువగా ఈ రోజుల్లోనే తగులుతాయి. పెరటి తొట్టి దగ్గరో, బాత్రూమ్ కిటికీ మీదో ఏళ్లుగా కాపురముంటూ పిల్లలకు మచ్చికైన కప్ప ఒక పొద్దున కాలీడ్చుకుంటూ కనిపిస్తుంది. ఆ కంగారులో చేతికందిన మందు పూసేస్తాం. చాలాసార్లు కప్ప ప్రాణం తీసేది దెబ్బ కాదు, ఆ మందే.

ఎందుకంటే కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట అడుగున, తొడల మధ్య ఉన్న పల్చటి చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగం కూడా చర్మం గుండానే. కాబట్టి ఒంటి మీద పూసినదంతా కడుపులో పోసినట్టే లెక్క. డెటాల్, స్పిరిట్, ఫినాయిల్ వాసనున్న చేయి, బామ్ ఏవీ దగ్గరికి రానీయకండి. పసుపు కూడా వద్దు. ఆ పొడి తడి చర్మాన్ని కప్పేస్తుంది, కింద పుండు ఎలా ఉందో డాక్టరుకు కనిపించదు. అన్నిటికన్నా ప్రమాదం నొప్పి తగ్గించే ఆయింట్‌మెంట్లు. వాటిలో కొన్నిటిలో ఉండే బెంజోకెయిన్‌తోనే ప్రయోగశాలల్లో కప్పలకు మత్తు ఇస్తారు. మోతాదు పెంచితే అదే వాటిని చంపుతుంది. ట్యూబు మీద బెంజోకెయిన్ అనో, లిగ్నోకెయిన్ అనో ఉంటే పక్కన పెట్టేయండి.

జూన్ రాకముందే ఇవి ఒక చోట ఉంచుకోండి: రెండు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి, పొడి లేని నైట్రైల్ గ్లవ్స్, రంగు గానీ వాసన గానీ లేని తెల్ల టిష్యూ రోల్, 100 మి.లీ. నార్మల్ సెలైన్ సీసా, సూది లేని సిరంజి, గ్రాముల్లో తూచే వంటింటి కాటా. డబ్బా మూతకు చిల్లులు లోపలి నుంచి బయటికి పొడవాలి. బయటి నుంచి పొడిస్తే ప్లాస్టిక్ మొనలు లోపలికి తేలి ఉంటాయి. కప్ప ఎగిరిన ప్రతిసారీ ముక్కు చీరుకుపోతుంది.

నీళ్ల సంగతి కాస్త చూసుకోవాలి. మునిసిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి బకెట్లో మూత లేకుండా ఒక రోజంతా ఉంచితే పోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ చాలా ఊళ్లలో క్లోరమైన్ కలుపుతారు, అది నిలవ ఉంచినా పోదు. అక్వేరియం షాపులో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు, క్లోరమైన్‌కు కూడా పనిచేస్తాయని సీసా మీద రాసి ఉన్నవి, వేయాల్సిందే. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, వాటిలో గంటల తరబడి ఉంచితే కప్ప ఒంట్లో లవణాలు బయటికి జారిపోతాయి. బ్లీచింగ్ పౌడరు వేయని బోరు నీళ్లు పర్వాలేదు.

దెబ్బ తగిలిన కప్ప కనిపిస్తే ముందు చేతులు సబ్బు ఆనవాలు లేకుండా కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని వాటిని తడపండి. పొడి చేయి తగిలితే ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. వెనక కాళ్లు పట్టుకుని ఎత్తకండి, అరచేయి పొట్ట కింద పెట్టి పైనుంచి ఇంకో చేయి కప్పండి. పుండులో మట్టి ఉంటే సెలైన్‌తో కడగాలి, అయితే నేరుగా కాదు. మన సెలైన్ 0.9 శాతం, కప్ప ఒంటికి అది ఎక్కువ ఉప్పు. 100 మి.లీ. సెలైన్‌కు కాచి చల్లార్చిన 50 మి.లీ. నీళ్లు కలిపితే 0.6 శాతం అవుతుంది, దానికి సరిగ్గా సరిపోతుంది. సిరంజితో మెల్లగా జారవిడవండి, రుద్దకండి. దూది అసలు వద్దు, దారాలు పుండుకు అంటుకుంటాయి.

తర్వాత డబ్బాలో తడిపి పిండిన టిష్యూ రెండు మూడు పొరలు పరిచి అందులో పెట్టండి. మట్టి, ఇసుక వేయొద్దు. ఒక పక్క చిన్న సీసా మూతలో అర సెంటీమీటరు నీళ్లు చాలు. నీరసించిన కప్ప లోతు నీళ్లలో మునిగి చస్తుంది, వినడానికి వింతగా ఉన్నా నిజమే. చీకటిగా, 22 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండే మూల చూడండి. ఫ్రిజ్ మీద, ఏసీ ఎదురుగా పెట్టొద్దు. టిష్యూ రోజుకు రెండుసార్లు మార్చాలి. దాని మూత్రంలోని అమ్మోనియా మళ్లీ చర్మంలోకే వెళుతుంది.

గొంతు ఆడకపోతే చచ్చిపోయిందని తేల్చేయకండి, కాసేపు చర్మంతోనే నెట్టుకొస్తుంది. ఒక్కసారి వెల్లకిలా తిప్పి చూడండి. బాగున్న కప్ప క్షణాల్లో బోర్లా తిరుగుతుంది. తిరగలేకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి. పిల్లి పంటి గాటు పైకి చిన్న చుక్కలా ఉన్నా అంతే, లోపల చీము పట్టడానికి ఒక రోజు చాలు. తొడలు, పొట్ట ఎర్రబడితే నెత్తురులో సూక్ష్మజీవులు చేరాయన్న అనుమానం. పుండు మీద తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే బూజు. వెనక నుంచి పేగు బయటికొస్తే తడి టిష్యూ కప్పి తీసుకెళ్లండి, లోపలికి నెట్టకండి. విరిగిన కాలికి పుల్ల కట్టి టేపు చుట్టడం మానుకోండి, టేపుతో పాటు చర్మం వస్తుంది. ఎలుకల జిగురు అట్టకు అంటుకుంటే పీకకుండా, అట్టను చుట్టూ కత్తిరించి అలాగే తీసుకెళ్లాలి.

పశువుల ఆసుపత్రిలో కప్పలను చూసే అలవాటు తక్కువ. పెద్ద ఊళ్లలో పక్షులు, తాబేళ్లు చూసే డాక్టర్లకు ముందుగా ఫోన్ చేసి ఫోటో పంపండి. బరువు కూడా చెప్పండి. టిష్యూతో సహా డబ్బా తూచి, కప్పను పెట్టి మళ్లీ తూస్తే తేడా తెలుస్తుంది. 20 గ్రాముల చెట్టుకప్పకూ 200 గ్రాముల గోండ్రుకప్పకూ మందు ఒకే మోతాదు కాదు.

తిండి కోసం తొందరపడకండి. ఎదిగిన కప్ప వారం దాకా తినకపోయినా ఓర్చుకుంటుంది. పాలు, అన్నం, మాంసం ముక్కలు పెట్టకూడదు. కదిలేదే దానికి తిండి. రెండో రోజు నుంచి దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా చిన్న కీచురాయి ఒకటి వదిలి చూడండి. తినకపోతే రాత్రికి తీసేయాలి, ఆకలేస్తే ఆ పురుగే కప్ప పుండును కొరుకుతుంది.

ఒళ్లంతా గరుకు బుడిపెలుండే బొంతకప్ప అయితే కళ్ల వెనక ఉబ్బిన గ్రంథుల నుంచి తెల్లటి విషం వస్తుంది. ఆ చేత్తో కళ్లు నులుముకోవద్దు. కుక్క దాన్ని నోట కరిచి నురగ కక్కుతుంటే, నోరు కిందికి వంచి నీళ్లతో కడిగి వెంటనే డాక్టరుకు చూపించండి. ఏ కప్పను ముట్టుకున్నా తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి అంటుకోవచ్చు.

గోండ్రుకప్పలాంటివి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, కోలుకున్నాక డబ్బాలో ఉంచుకోవడం కుదరదు. పుండు మూసుకుని, తింటూ, సరిగా గెంతుతుంటే చినుకులు పడే సాయంత్రం చూసి దొరికిన చోటే వదలండి. వేరే చెరువైతే ఒక చోటి చర్మరోగాన్ని ఇంకో చోటికి మోసినట్టవుతుంది. డబ్బా కడిగిన నీళ్లు కూడా చెరువులో పోయకండి. ఈలోగా సంపులో ఒక గరుకు చెక్క ఏటవాలుగా వేసి ఉంచండి, పడ్డవి ఎక్కి వస్తాయి. గడ్డి కోసే ముందు కర్రతో ఓసారి కదిలించండి.