గూళ్ల కెమెరా చీకటి పడగానే ఎందుకు ఆగిపోతోంది?

గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టే చెట్టు మీదికి కరెంటు లైను ఉండదు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో అవి చెరువులోని చెట్లెక్కితే, హిందూపురం వైపు వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్లెక్కుతాయి. అందుకే సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ, సిమ్ వేసిన కెమెరా. "కెమెరా పోయింది" అని ఎవరైనా అంటే నేను ముందు కెమెరాను అనుమానించను, వైరును అనుమానిస్తాను.

పగలంతా బాగుంటుంది, చీకటి పడగానే ఆగుతూ మొదలవుతూ ఉంటుంది

చీకట్లో చూసేందుకు కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, కెమెరా లాగే కరెంటు పెరుగుతుంది. బ్యాటరీ చెరువు కట్ట మీద, కెమెరా 30 మీటర్ల అవతల ఉందనుకోండి. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే, పోను రాను 60 మీటర్లకు దాదాపు ఒకటిన్నర ఓమ్‌ల నిరోధం. ఒక ఆంపియర్ లాగితే ఒకటిన్నర వోల్టు వైరే తినేస్తుంది. బ్యాటరీ దగ్గర 12.2 ఉన్నా కెమెరాకు అందేది 10.7. అది చాలక కెమెరా ఆగుతుంది, లైట్లు ఆరతాయి, వోల్టేజి లేస్తుంది, మళ్లీ మొదలవుతుంది. తెల్లవార్లూ ఇదే తంతు.

పగలు మీటరు పెట్టి చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది, అక్కడే చాలామంది మోసపోతారు. రాత్రి ఫోన్లోంచి లైట్లు ఆపి చూడండి. కెమెరా నిలబడితే దొంగ చాలావరకు వైరే. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం అర వోల్టుకు లోపే. గూళ్ల కాలంలో వైరు మార్చే వీలుండదు కాబట్టి అప్పటిదాకా లైట్లు ఆపే ఉంచండి. రాత్రి నిద్రపోయే పక్షుల్ని చూసి చేసేదేముంది?

తెల్లవారుజామున ఆగి, ఎండెక్కాక దానంతటదే వస్తుంది

బ్యాటరీ చాలట్లేదు. లైట్లు ఆపి ఉంచినా 6 వాట్ల కెమెరా రోజుకు 144 వాట్ అవర్లు తింటుంది. 42 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే, సుమారు 250. మబ్బు పట్టిన రెండో రోజే చేతులెత్తేస్తుంది.

100 వాట్ల ప్యానెల్ మామూలుగా సరిపోతుంది, దాని మీద రెట్ట పడకుంటే. లోపలి సెల్స్ వరసగా కలిపి ఉంటాయి కనుక ఒక మూలన మందంగా పడ్డా ఉత్పత్తి బాగా తగ్గుతుంది. ప్యానెల్‌ను చెట్టు కింద నుంచి తీసి కట్ట మీద, దక్షిణ ముఖంగా, 15–20 డిగ్రీల వాలుతో పెట్టండి. పొద్దున్నే, అద్దం వేడెక్కకముందే నీళ్లతో కడగండి. పిట్టలు వాలకుండా పైన గాలపు దారం కట్టమని కొందరు సలహా ఇస్తారు. వద్దు, కాళ్లు చిక్కుకుంటాయి.

లైవ్ కొన్ని గంటలు వచ్చి బిగుసుకుపోతుంది

డేటా అయిపోయింది. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పంపితే రోజుకు 10.8 జీబీ. రోజుకు 2 జీబీ ఇచ్చే ప్యాక్ నాలుగున్నర గంటలకే ఖాళీ. అర్ధరాత్రి కొత్త కోటా మొదలైతే అదంతా చీకట్లోనే కరిగిపోతుంది! 256 కిలోబిట్లకు తగ్గించి పగటి 12 గంటలే పంపండి, 1.4 జీబీతో సరిపోతుంది.

రాత్రి తెరంతా తెల్లటి పొగ

సాలెగూడు. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాని మీద పడి తిరిగొస్తోంది. లైట్లు ఆపితే పొగా పోతుంది.

నిమిషానికో అలర్ట్

ఆకులు ఊగుతున్నాయి. కదలికను గమనించే హద్దును గూడు వరకే గీయండి.

కెమెరా దగ్గరికెళ్తే తప్ప తీరని లోపం

అటవీశాఖ అనుమతి తీసుకుని, పక్షులు రాకముందే బిగించి, వారం రోజులు నడిపి చూస్తే ఇలాంటివి చాలావరకు ముందే బయటపడతాయి. గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు మాత్రం చెట్టెక్కొద్దు. తల్లి లేచిందంటే కాకులు గుడ్లెత్తుకుపోతాయి, ఈకల్లేని పిల్లలు ఎండకు మాడిపోతాయి. నిరుడు మా కెమెరా లెన్సు మీదే రెట్ట పడింది. తుడవలేదు. ఎడమ సగం తెల్లగా, కుడి సగంలో మూడు గూళ్లతో సీజనంతా అలాగే నడిపాం.