ఇండియా ప్రయాణానికి ముందు పిల్లల ఐస్ స్కేట్స్ ఒకసారి చూడండి

పోయిన వారం మా ఐస్ స్కేటింగ్ రింక్‌లో ఒక పాప చిన్న జంప్ చేసి దిగుతుండగా కుడికాలి బ్లేడు మడమ దగ్గర ఊడి పక్కకు తిరిగిపోయింది. అదృష్టం బాగుండి చీలమండ బెణకడంతో సరిపోయింది. బూటు విప్పి చూస్తే మడమ కింద స్క్రూలు చేత్తో లాగితేనే వచ్చేశాయి. స్క్రూల మరల నిండా తుప్పు, దాంతోపాటు నల్లగా నానిపోయిన తోలు పొడి. పైకి మాత్రం ఆ బూటు తెల్లగా మెరుస్తోంది.

స్కూళ్లకు సెలవులు దగ్గర పడ్డాయి. ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్లు చాలామంది జూన్ చివర్లో పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్లి ఆగస్టులో తిరిగొస్తారు. అన్ని వారాలూ స్కేట్స్ బ్యాగు బేస్‌మెంట్‌లోనో, గరాజ్‌లోనో పడి ఉంటుంది, చివరి క్లాసయ్యాక ఎలా మూశారో అలాగే. బూట్లను పాడుచేసే తప్పు అదే. తడి బూట్లను బ్యాగులో పెట్టి జిప్ వేసేయడం.

బ్లేడు తుడవాలని కోచ్‌లు చెబుతూనే ఉంటారు, పిల్లలకూ తెలుసు. బూటు లోపలి తడిని పట్టించుకునేవాళ్లే తక్కువ. అంత చలిలో చెమటేమిటి అనుకుంటారు. బిగించి లేసులు కట్టిన బూట్లో గంటసేపు ఎగిరి దూకే పాదానికి బాగా చెమట పడుతుంది, అది లైనింగ్‌లోకి ఇంకుతుంది. కింద నుంచి కరిగిన ఐస్ నీళ్లు స్క్రూల చిల్లుల్లోకి దిగుతాయి. తోలు బూట్లకు సోల్, హీల్ రెండూ తోలు పొరలు అంటించి చేసినవి. స్క్రూలు పట్టుకుని ఉండేది ఆ పొరలనే. అవి నాని మెత్తబడితే బ్లేడుకు ఆధారం పోయినట్టే. ఎడియా లాంటి కంపెనీల సింథటిక్ బూట్లకు సోల్ కుళ్లే భయం తక్కువ గానీ, లోపల బూజు వాటికీ పడుతుంది.

తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుంది. ప్రయాణం ముందు రోజు క్లాసుకు పంపి, వచ్చాక జిప్ వేసి వెళ్లారనుకోండి, మీరు శంషాబాద్‌లో దిగేసరికే ఆ గడువు దాటిపోతుంది. వానాకాలంలో వైజాగ్ ఇళ్లలో బీరువాలో మర్చిపోయిన తోలు బెల్టు ఎలా ఉంటుందో బ్యాగులోని బూటు లోపల అలా తయారవుతుంది.

రింక్ దాటకముందే

పొడి గుడ్డతో బ్లేడు, సోల్, ముఖ్యంగా ఆ రెండూ కలిసే చోటు స్క్రూల చుట్టూ తుడవండి. గుడ్డ కొనను సందుల్లోకి దూర్చి తుడవాలి. పిల్లలు జాకెట్లు వేసుకుని వచ్చేలోగా మళ్లీ తుడవండి. చల్లటి బ్లేడు వెచ్చటి గదిలోకి వస్తే గాలిలోని తేమ దాని మీద చెమరుస్తుంది, మొదటిసారి తుడిచింది సరిపోదు.

బ్లేడుకు తొడిగే ప్లాస్టిక్ గార్డులు నేల మీద నడవడానికి మాత్రమే. అవి తొడిగి బ్యాగులో పెడితే అడుగున చేరిన నీళ్లలో బ్లేడు నానుతూ ఉంటుంది. బ్యాగులో ఉన్నంతసేపూ సోకర్లు, అంటే తడి పీల్చే గుడ్డ తొడుగులు, వాడండి.

ఇంటికి రాగానే

అన్నానికి కూర్చోకముందే బూట్లు బయటికి తీయాలి. లేసులు బాగా వదులు చేసి, లేసుల కింద ఉండే బూటు నాలుకను ముందుకు లాగి, ఇన్‌సోల్ తీసి విడిగా ఆరబెట్టండి. సోకర్లు తీసేయండి, అవీ తడిగానే ఉంటాయి. ఫ్యాన్ గాలి చాలు. న్యూస్‌పేపర్ కూరితే తడి లాగుతుంది, కానీ గంటకో రెండు గంటలకో మార్చాలి. హీటర్ పక్కన పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పట్టకండి. తోలు బిరుసెక్కి పగులుతుంది, జిగురు వదిలేస్తుంది.

ఇక ఊరెళ్లే ముందు

- చివరి క్లాసుకూ ప్రయాణానికీ మధ్య రెండు మూడు రోజులు ఉండాలి. ఆరడానికి ఆ టైమ్ కావాలి.
- తడి బూట్లకు జిప్ వేయకండి.
- బేస్‌మెంట్ వద్దు. కారు డిక్కీ అసలే వద్దు. పై అంతస్తులో, తలుపు తీసి ఉంచిన క్లోజెట్‌లో, బూట్లను బ్యాగులోంచి తీసి పెట్టండి.
- కరెంటు బిల్లుకు భయపడి ఏసీ పూర్తిగా ఆపేసి వెళ్తే ఇల్లంతా తేమ చేరుతుంది. తేమ 60 శాతం దాటనివ్వకండి.
- సిలికా జెల్ పొట్లాలు వేశాం కదా అని ధీమా పడకండి. పొడి బూటును అవి పొడిగా ఉంచగలవు, తడి బూటును ఆరబెట్టలేవు.
- ప్లాస్టిక్ కవర్లో చుట్టకండి.
- సోల్ మీద నీళ్లు దిగకుండా వేసే పూత చెదిరితే మళ్లీ వేయించండి, బూటు పూర్తిగా ఆరాకే. తడి మీద పూత వేస్తే నీళ్లను లోపలే ఉంచి మూత పెట్టినట్టు.
- బ్లేడుకు కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. వంటనూనె రాయకండి.
- ఇప్పటికే బూజు కనిపిస్తే ఇంట్లో దులపకండి. బయటికి తీసుకెళ్లి, మాస్క్ పెట్టుకుని పొడి బ్రష్‌తో దులపండి. ఆస్తమా ఉన్న పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.
- తర్వాత తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. ఫ్యాన్ కింద ఆరనివ్వండి. బ్లీచ్ తోలును తినేస్తుంది, వాడకండి.
- బూజు పట్టిన ఇన్‌సోల్‌ను ఉతికి మళ్లీ పెట్టకండి. పారేయండి.
- వాసన పోవడానికి స్ప్రే కొట్టకండి. ముక్కిన వాసన వస్తోందంటే బూటు ఇంకా ఆరలేదు.
- తుడిచినా లైనింగ్‌లో మచ్చలు, వాసన మళ్లీ వస్తుంటే ఆ బూట్లు చెల్లెలికి దాచకండి, వేరేవాళ్లకు అమ్మకండి.
- మళ్లీ చెబుతున్నా, తడి బూట్లకు జిప్ వేయకండి. ప్యాకింగ్ టెన్షన్‌లో మర్చిపోయేది దీన్నే.
- ఆగస్టులో తిరిగొచ్చాక, ఐస్ మీదకు పంపేముందు హీల్ పొరలను గోటితో నొక్కి చూడండి. మెత్తగా దిగినా, పొరలు విడినా బూటు పని అయిపోయింది.
- స్క్రూలన్నీ స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూడండి. ఒక్కటి బిగుసుకోకుండా ఊరికే తిరుగుతున్నా ఆ రోజు క్లాసు మానిపించి, బ్లేడ్లు బిగించే మనిషి దగ్గరికి తీసుకెళ్లండి.