వైఫై సిగ్నల్ ఫుల్, నెట్ మాత్రం నిల్: రేడియో, యాంటెన్నా సెట్టింగుల్లో చూడాల్సినవి

హాస్టలైనా, చిన్న ఆఫీసైనా వైఫై సరిగ్గా రావట్లేదంటే చాలామంది ముందు చేసే పని యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ పంపే పెట్టె) సెట్టింగుల్లోకి వెళ్లి పవర్‌ని 'హై'లో పెట్టడం. దయచేసి అది చేయకండి. చాలాచోట్ల అసలు సమస్య మొదలయ్యేదే అక్కడ.

సమస్య: సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి, వీడియో కాల్ మాత్రం తెగిపోతోంది

కారణం: యాక్సెస్ పాయింట్ 23 డీబీఎం (రేడియో పవర్ కొలత), అంటే సుమారు 200 మిల్లీవాట్ల పవర్‌తో పంపుతోంది. ఫోన్ మామూలుగా 15 డీబీఎం దగ్గరే ఆగుతుంది, అంటే 30 మిల్లీవాట్లు. అటు నుంచి వచ్చేది ఫోన్‌కి అందుతుంది కానీ, ఫోన్ ఇచ్చే జవాబు అటు చేరదు. జవాబు రాకపోతే పంపిందే మళ్లీ మళ్లీ పంపాలి, దాంతో స్పీడు పడిపోతుంది. పైగా సిగ్నల్ బాగానే కనిపిస్తోంది కాబట్టి, పక్కనే ఇంకో యాక్సెస్ పాయింట్ ఉన్నా ఫోన్ దూరంగా ఉన్నదాన్నే పట్టుకుని వేలాడుతుంది.

పరిష్కారం: 5 గిగాహెర్ట్జ్‌లో 14 నుంచి 17 డీబీఎం పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో దానికంటే 6 తగ్గించండి. 3 తగ్గిన ప్రతిసారీ పవర్ సగమవుతుంది, కాబట్టి మార్పులు 3 చొప్పున చేసి చూడండి. మనుషులు కూర్చునే చోట ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ (సిగ్నల్ బలం చూపించేది) పెట్టి కొలిస్తే మైనస్ 67 డీబీఎం దాకా రావాలి (సున్నాకి దగ్గరైన కొద్దీ సిగ్నల్ బలం ఎక్కువ). రాకపోతే ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టించాలే తప్ప పవర్ పెంచి లాభం లేదు.

సమస్య: రాత్రి అందరూ వాడే టైమ్‌లో 2.4 నత్తనడక

మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానళ్లు ఉన్నాయి, కానీ ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11. ఖాళీగా ఉంది కదా అని 3 ఎంచుకుంటే 1, 6 రెండింటి గోలా మీదే. ఛానల్ విడ్త్ (వెడల్పు) 20 మెగాహెర్ట్జ్‌కి మార్చి, పక్కపక్క యాక్సెస్ పాయింట్లకు వేర్వేరు ఛానళ్లు ఇవ్వండి.

అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రమే నెట్‌వర్క్ పేరు కనిపించడం లేదంటే ఛానల్ 12లోనో 13లోనో ఉందేమో చూడండి. అక్కడి మెషీన్లు చాలావరకు 11 దాటి వెతకవు.

సమస్య: 5 గిగాహెర్ట్జ్ ఉన్నట్టుండి మాయమై, కాసేపటికి తిరిగొస్తోంది

52 నుంచి 144 దాకా ఛానళ్లను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ జాడ తగిలితే యాక్సెస్ పాయింట్ ఆ ఛానల్ వదిలేయాలి. అలాంటి మరో ఛానల్‌కి వెళ్తే, అక్కడ కనీసం 60 సెకన్లు విన్నాకే మొదలుపెట్టాలి. 36–48కో 149–161కో మార్చేయండి.

సమస్య: బయటి యాంటెన్నా బిగించాక రేంజ్ ఇంకా తగ్గింది

ముందు కనెక్టర్ విప్పి మధ్యలోకి చూడండి. ఎస్ఎంఏ, ఆర్‌పీ-ఎస్ఎంఏ అని యాంటెన్నా కనెక్టర్లు రెండు రకాలు, రెండింటి మరలూ ఒకేలా ఉంటాయి, హాయిగా బిగుసుకుంటాయి. కానీ రెండువైపులా రంధ్రాలే ఉంటే లోపల ఏదీ తగలదు, గది దాటి సిగ్నల్ పోదు. రెండువైపులా పిన్నులే ఉంటే బలవంతంగా తిప్పకండి, వంగిపోతాయి.

తర్వాత కేబుల్. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 2.4లోనే మీటరుకి దాదాపు 1 డీబీ సిగ్నల్ తినేస్తుంది. 5 డీబీఐ గెయిన్ (యాంటెన్నా సిగ్నల్‌కి ఇచ్చే బలం) ఉన్న యాంటెన్నాకి 5 మీటర్ల కేబుల్ వేస్తే మిగిలేది సున్నా.

సెట్టింగుల్లో 'యాంటెన్నా గెయిన్' దగ్గర యాంటెన్నా మీద ఉన్న అంకెనే వేయండి. ఎక్కువ వేస్తే, చట్టపరమైన పరిమితి దాటకుండా రేడియో తన పవర్ తగ్గించుకుంటుంది. తక్కువ వేస్తే మీరే ఆ పరిమితి దాటేస్తారు.

ఇక దిశ. కర్ర యాంటెన్నా సిగ్నల్ పక్కలకు బాగా వెళ్తుంది, కొన వైపు దాదాపు ఉండదు. పై అంతస్తు గదికేసి కొన చూపిస్తే ఆ గదికే అందదు, దాన్ని అడ్డంగా పడుకోబెట్టాలి.

యాంటెన్నా విప్పే ముందు మాత్రం పవర్ ఆఫ్ చేయండి. యాంటెన్నా లేకుండా రేడియో నడిస్తే దాని పవర్ భాగం దెబ్బతినొచ్చు.